ఇనుముతో చిత్తుబొమ్మలు గీసిన కమ్మరి – శామ్యూల్ యెల్లిన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం గురించి నాలుగు పేజీలు వ్రాసి పంపమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు నాకు వెంటనే ఏమీ పాలుపోలేదు. దేశనాయకుల గురించి, శాస్త్రజ్ఞుల గురించి, వాగ్గేయకారుల గురించి వ్రాయగల సమర్థులు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. ముప్ఫై ఏడేళ్ళు స్మితీ షాపులో బొగ్గుపొగ పీల్చినవాడిని, నాకు కాస్తో కూస్తో తెలిసినది ఇనుము ఒక్కటే. అందుచేత ఒక కమ్మరి జీవితమే వ్రాస్తున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడూ కాదు. అయినా కొలిమి పని చేసేవారిలో ఏ దేశానికి వెళ్ళినా ఆ పేరు తెలియనివారు అరుదు. పేరు శామ్యూల్ యెల్లిన్. ఆయన్ని ఎంచుకోవడానికి వేరే కారణం కూడా ఒకటి ఉంది. నా సర్వీసులోని ఒక పాత బాకీ అది. దాని సంగతి చివర చెబుతాను.

యెల్లిన్ 1880ల నడుమ తూర్పు ఐరోపాలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. బడిపిల్లవాడి వయసులోనే ఒక ఇనుపపని మేస్త్రీ దగ్గర శిష్యరికానికి చేరాడు. పదహారు పదిహేడేళ్ళకే పని పూర్తిగా నేర్చుకుని బయటికి వచ్చాడు. మన పిల్లలు ఆ వయసులో ఐ.టి.ఐ.కి దరఖాస్తు పెడతారు. పని నేర్చిన కుర్రవాడు ఊరూరా తిరిగి, వేరే వేరే కొలుముల దగ్గర పని చేసి చేయి తిప్పుకోవడం ఆ దేశాలలో పాత ఆచారం. యెల్లిన్ కూడా అలాగే ఐరోపాలో కొన్నేళ్ళు తిరిగాడు. పాత చర్చీల తలుపులు, కోటల కిటికీలు, గడియలు, తాళాలు, దీపపు కొక్కేలు కళ్ళారా చూశాడు. ఐదారు వందల ఏళ్ళ క్రితం పేరు కూడా చెప్పుకోకుండా పోయిన కమ్మర్లు చేసిన పనులవి. చదువంటే ఆయనకు అదే.

1906 నాటికి అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం చేరాడు. అక్కడ పెన్సిల్వేనియా మ్యూజియం వారి పారిశ్రామిక కళల పాఠశాలలో విద్యార్థిగా చేరాడు. కొద్ది నెలలలోనే అదే పాఠశాలలో ఇనుపపని నేర్పే ఉపాధ్యాయుడయ్యాడు. ఇంగ్లీషు ఇంకా నోటికి పట్టిందో లేదో గానీ సుత్తికి భాషతో పనిలేదు గదా. 1919 దాకా అక్కడ పాఠాలు చెప్పాడు. ఆ నడుమనే 1909లో సొంత కొలిమి పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆఫీసు సైడులో పనిచేసిన మన సభ్యుల కోసం కొంచెం ఆగి చెప్పాలి. కిటికీ గ్రిల్లులోగానీ గేటులోగానీ ఇంగ్లీషు ఎస్ అక్షరంలాగా, సి అక్షరంలాగా వంకీ తిరిగి, కొస లోపలికి చుట్టుకుపోయే చువ్వను స్క్రోలు అంటారు. గుమ్మడిపాదు నులితీగ కర్రను పట్టుకునే ముందు ఎలా చుట్టుకుంటుందో చూశారు గదా, అదే స్క్రోలు. పొట్టేలు కొమ్ములో ఉన్నదీ అదే. చూడటానికి చిన్నపిల్లవాడు కూడా పలక మీద గీయగలడు. ఇనుములో చేయబోతే మాత్రం మనిషి పని బయటపడిపోతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఉన్న ఖాళీ లోపలి నుంచి బయటికి క్రమంగా పెరుగుతూ పోవాలి. ఎక్కడైనా ఒక అంగుళం మేర చదునుగా ఉండిపోయిందంటే, చూసేవాడి కన్ను సరిగ్గా అక్కడే తట్టుకుంటుంది. తప్పు ఏమిటో అతనికి తెలియదు, కానీ ఏదో బాగా లేదని తెలుస్తుంది.

చేసే పద్ధతి ఇది. చువ్వ కొసను కొలిమిలో పెట్టి నారింజరంగు వచ్చేదాకా కాల్చాలి. దాగలి మీద పెట్టి సాగగొట్టి, కొసకు పోయేకొద్దీ సన్నబడేటట్లు చేయాలి. ఆ చివరి కొసకు ఒక రూపం ఇవ్వాలి. చేపతోకలా వెడల్పు చేయవచ్చు, గుండీలా గుండ్రంగా మిగల్చవచ్చు, రిబ్బనులా పలచన చేయవచ్చు. అప్పుడు దాగలి అంచు మీద మొదటి చిన్న వంకీ తిప్పి, మళ్ళీ కాల్చి, మిగతా చుట్టు తిప్పుకుంటూ పోవాలి. ఎరుపు తగ్గకముందే పని కావాలి. సన్నపు చువ్వకు ఒక కాకలో దొరికే సమయం నిమిషం కూడా ఉండదు. కొస పలచన గనుక అది ముందు కాలుతుంది. ఒక్క క్షణం ఏమరితే నిప్పురవ్వలు చిమ్ముతూ కరిగి రాలిపోతుంది. మళ్ళీ మొదటికి రావాలి.

ఒకే రకం స్క్రోళ్ళు వందలకొద్దీ కావలసినప్పుడు ఎవరూ ఇలా చేయరు. దళసరి ప్లేటు మీద వంకీ ఆకారంలో పట్టీ వెల్డు చేసి జిగ్గు తయారు చేసుకుంటారు. ఎర్రగా కాల్చిన చువ్వ కొసను దానికి తగిలించి చుట్టూ లాగితే చాలు, ఇరవై సెకన్లలో స్క్రోలు తయారు. నూటికి నూరూ ఒకే అచ్చు. మన షాపులో నేను చేసినవన్నీ అలాంటివే. తప్పు పట్టడానికి వీల్లేదు, ఇన్‌స్పెక్షనులో ఒక్కటీ తిరిగి రాలేదు. అయితే జిగ్గు మీద తిప్పినవాడికి రెండో రోజు నుంచీ ఆ చువ్వ వంక చూడవలసిన అవసరం ఉండదు. ఈ మాట రిటైరయ్యాక ఒప్పుకుంటున్నాను.

యెల్లిన్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. చిత్రకారుడు పెద్ద బొమ్మ వేయబోయే ముందు చిత్తుకాగితం మీద నాలుగు గీతలు గీసి చూసుకుంటాడు. ఆయన ఆ పనిని పెన్సిలుతో గాక సుత్తితో చేసేవాడు. ఇనుములోనే చిత్తు. చేతిలో పట్టేంత చువ్వ ముక్క, పట్టీ ముక్క తీసుకుని కాల్చి, కొస ఒకసారి ఇలా తిప్పి, ఒకసారి అలా చీల్చి, చీల్చిన రెండు పాయలను చెరో వైపుకు వంచి, ఒకదాన్ని ఆకుగా వెడల్పు చేసి, ఇంకొకదాన్ని మెలి తిప్పి, ఏమవుతుందో చూసేవాడు. అది ఏ గేటులో భాగమూ కాదు. ఏ ఆర్డరూ లేదు, ఏ కొలతా లేదు. ఒక స్క్రోలు కొస పక్షి తలగా మారవచ్చు. ఇంకొకటి సగం దూరం చుట్టుకుని మనసు మార్చుకున్నట్టు బయటికి విచ్చుకోవచ్చు. వీటిని ఇనుప చిత్తుబొమ్మలు అనేవారు. అమెరికాలో ఆ విద్య తెలిసినవారు ఈనాటికీ ఆ మాటే వాడతారు. ఇల్లు కట్టించుకునేవారికి, ఆర్కిటెక్టులకు ఇలాంటి ముక్కలు చూపించేవాడు. వాటిలో కొన్ని తరువాత నిజమైన పనులలోకి ఎక్కాయి, చాలా ముక్కలు ముక్కలుగానే ఉండిపోయాయి.

ఇదంతా పెన్సిలుతో ఎందుకు కాదు అని మన డ్రాయింగ్ ఆఫీసు మిత్రులు అడగవచ్చు. కాగితం మీద గీతకు మందం ఉండదు. ఇనుప చువ్వను వంచితే లోపలి వైపు ముద్దకట్టి లావవుతుంది, బయటి వైపు సాగి సన్నబడుతుంది. చదరపు చువ్వను వంచితే అంచులు పొంగుతాయి. వాటిని అలాగే వదిలేయాలా, సుత్తితో కొట్టి సరిచేయాలా అన్నది దాగలి దగ్గర నిలబడ్డవాడికే తెలుస్తుంది. మెలితిప్పినప్పుడు వెలుతురు పడే తీరు కాగితం మీద రాదు. అన్నింటికంటే పెద్ద సంగతి, ఎర్రటి ఇనుము మనం అనుకోని ఒంపు తనంతట తాను చూపిస్తుంది. పనిలో పడ్డాక, సుత్తి ఆడుతుండగా మొదట అనుకున్న రూపం మారిపోతుందనీ, అలా మారనివ్వడమే మంచిదనీ యెల్లిన్ నమ్మేవాడు. డ్రాయింగులు లేవని కాదు సుమా. ఆయన దగ్గర డ్రాఫ్ట్స్‌మన్లు ఉండేవారు, వందల డ్రాయింగులు వేసేవారు. అయితే డ్రాయింగు ఆయనకు బయలుదేరే చోటు మాత్రమే.

1915లో ఫిలడెల్ఫియా ఆర్చ్ వీధిలో 5520 నంబరు స్థలంలో సొంత కార్ఖానా కట్టించాడు. మెల్లర్, మీగ్స్ అనే ఆర్కిటెక్టుల సంస్థ దానిని గీసింది. ఆ సంస్థకు ఆయన ఎన్నో ఇళ్ళకు ఇనుపపని చేసిపెట్టాడు. ఆ కార్ఖానాలో కొలుములతో పాటు పాత ఇనుప వస్తువుల మ్యూజియం ఒకటి, పుస్తకాల గది ఒకటి ఉండేవి. ఐరోపా నుంచి సేకరించిన తాళాలు, గడియలు, గ్రిల్లు ముక్కలు అక్కడ పెట్టాడు. పనివాడు లేచి వెళ్ళి, నాలుగైదు వందల ఏళ్ళనాటి కమ్మరి స్క్రోలు కొసను ఎలా ముగించాడో చూడవచ్చు. మన షాపులో గోడకు తగిలించి ఉన్నవి సేఫ్టీ పోస్టర్లు, ఓవర్‌టైము జాబితా. ఎవరినీ తప్పుపట్టడం లేదు, మన పని వేరు. బోగీ కప్లింగు విషయంలో ప్రయోగాలు చేస్తే ప్రాణాలు పోతాయి.

ఆర్డర్లు పెరిగాయి. యేల్ విశ్వవిద్యాలయంలో హార్క్‌నెస్ భవనాల గేట్లు, ఆ తర్వాత 1930ల మొదట్లో అక్కడే స్టెర్లింగ్ గ్రంథాలయం పని చేశాడు. వాషింగ్టన్ జాతీయ కెథడ్రల్, న్యూయార్కులో సెయింట్ జాన్ కెథడ్రల్, శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రేస్ కెథడ్రల్, ఇంకా లెక్కలేనన్ని భవంతులు ఉన్నాయి. 1920ల చివరికి ఆయన కింద 200 మందికి పైగా పనిచేసేవారు. వారిలో చాలామంది ఐరోపా నుంచి వలస వచ్చిన పనివాళ్ళు.

వీటన్నింటిలో పెద్దది న్యూయార్కులో లిబర్టీ వీధి 33వ నంబరు, ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు భవనం. 1924లో బ్యాంకు అందులోకి మారింది. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరపు పాత మేడల తరహాలో యార్క్ అండ్ సాయర్ అనే ఆర్కిటెక్టులు దాన్ని గీశారు. దానికి యెల్లిన్ కార్ఖానా చేసి ఇచ్చిన ఇనుపపని సుమారు 200 టన్నులు. స్మితీ షాపు మనిషికి ఇలాంటి అంకె కనబడితే ఊరుకోలేడు, లెక్క కట్టాను. 25 మిల్లీమీటర్ల చదరపు చువ్వ మీటరుకు 4.9 కిలోలు తూగుతుంది. 200 టన్నులంటే అలాంటి చువ్వ దాదాపు 40 కిలోమీటర్ల పొడవు. అంతా చేత్తో కాల్చి కొట్టినదే.

2011లో మా అబ్బాయి దగ్గర న్యూజెర్సీలో మూడు నెలలు ఉన్నప్పుడు దాన్ని చూశాను. వాళ్ళు నాకు స్వాతంత్ర్య దేవత విగ్రహం చూపిద్దామని బయలుదేరదీశారు. నేను ముందు ఈ బ్యాంకు చూపించమన్నాను. మా కోడలు అక్కడ ఏముందని ఆశ్చర్యపడింది. వీధి మట్టానికి 80 అడుగుల కింద ప్రపంచ దేశాల బంగారం దాచిన భవనమని మా అబ్బాయి ఆమెకు వివరిస్తున్నాడు. నేను పైనున్న ఇనుము చూస్తున్నాను. వీధి పక్క కిటికీలకు దళసరి గ్రిల్లులు ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే. దగ్గరికి వెళ్ళి ఒక కిటికీలోని వంకీని, పక్కదానిలోని వంకీని పోల్చి చూశాను. ఒకే కుటుంబంలోని అన్నదమ్ముల్లా ఉన్నాయి గానీ కవలల్లా లేవు. ఒకచోట సుత్తి దెబ్బ కొంచెం గట్టిగా పడింది, ఇంకొకచోట కొస ఒక పిసరు ఎక్కువ చుట్టుకుంది. ఆకురాయితో రుద్ది ఆ గుర్తులు చెరిపేయలేదు. అంత పెద్ద ఆర్డరులో, అంతమంది చేతుల మీదుగా పోయిన పనిలో, ఎవరి చేయి వారిదిగా మిగిలి ఉంది. కాపలాదారు నా వంక రెండుసార్లు అనుమానంగా చూశాడు. బ్యాంకు కిటికీకి ముక్కు ఆనించి నిలబడ్డ ముసలివాణ్ణి చూసి అతడు మరేమనుకోగలడు? ఒక పెద్దింటి కిటికీ దగ్గర నిలబడి గ్రిల్లును తడిమి చూస్తే మన ఊళ్ళోనైనా కుక్కను వదులుతారు.

ఆ బ్యాంకు గుమ్మానికి అటూ ఇటూ పెద్ద ఇనుప లాంతర్లున్నాయి. అవి ఫ్లోరెన్సులోని స్ట్రాట్జీ మేడ లాంతర్లను చూసి చేసినవి. ఆ అసలు లాంతర్లు చేసినవాడు 500 ఏళ్ళనాటి నికొలో గ్రోసో అనే కమ్మరి. ముందు బయానా చేతిలో పడనిదే సుత్తి ఎత్తేవాడు కాదట. అందుకని ఆ నగర ప్రభువు లొరెంజో అతనికి కపారా, అంటే బయానా, అని పేరు పెట్టాడని వసారి అనే ఇటలీ చరిత్రకారుడు వ్రాశాడు. పీ.ఎఫ్. బకాయిల కోసం తిరిగిన మన సభ్యులు ఆ కమ్మరిని మెచ్చుకుంటారని ఈ సంగతి కలిపాను.

యెల్లిన్‌ను గురించి ఒక ఆక్షేపణ ఉంది. కొత్తగా ఏమీ చేయలేదు, పాత ఐరోపా పనిని అమెరికాకు మోసుకొచ్చాడు, అంతేనని కొందరంటారు. ఆయన సమకాలికుడు పారిస్‌లో ఎడ్గార్ బ్రాంట్ అనే మహాశిల్పి ఉండేవాడు. ఆయన గ్యాసు వెల్డింగు, పవర్ హ్యామరు ధైర్యంగా వాడి, పూర్తిగా కొత్త తరహా ఇనుపపని చేశాడు. 1925 పారిస్ ప్రదర్శనలో ఆయన పని చూసి లోకమంతా ఆశ్చర్యపోయింది. ఆ బ్రాంటే తరువాత మోర్టారు ఫిరంగులు తయారుచేసి సైన్యాలకు అమ్మాడు, అది వేరే కథ. ఆయన పక్కన పెడితే యెల్లిన్ పాతకాలం మనిషే. రెండు చువ్వలను కలపాలంటే కొలిమిలో తెల్లగా కాల్చి, దెబ్బతో అతకాలి, లేదా కాడకు ఉంగరం తొడిగినట్టు ఇనుప పట్టీతో బిగించాలి, లేదా రివిట్టు వేయాలి. ఆ పద్ధతి మీదే ఆయన మనసు.

నేను రెండు వైపులా ఆలోచించాను. భవనం తరహా ఆయన చేతిలో లేదు. చర్చి గాథిక్ పద్ధతిలో కడతామంటే గేటు కూడా అలాగే ఉండాలి. కానీ ఆ చట్రం లోపల, ఒక స్క్రోలు కొస జానెడు మేరలో, ఆయనకు పూర్తి స్వేచ్ఛ ఉంది. ఆ జానెడులో ఆయన ముప్ఫై ఏళ్ళు ప్రయోగాలు చేశాడు. త్యాగయ్య తరువాత వచ్చిన పాటగాడికి కృతి మారదు, రాగం మారదు, అయినా రెండు సంగతుల నడుమ తనకంటూ చోటు ఉంటుంది గదా. నాకు ఆ పోలికే తోచింది. సంగీతం తెలిసినవారు మన్నించాలి.

1920లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఆయనకు పతకం ఇచ్చింది. 1925లో ఫిలడెల్ఫియా నగరపు గొప్ప పౌర పురస్కారం ఆయనకు వచ్చింది. ఎడ్వర్డ్ బోక్ అనే పత్రికా సంపాదకుడు నెలకొల్పిన ఆ బహుమతి కింద 10,000 డాలర్లు ఇచ్చేవారు. దాన్ని మొట్టమొదట అందుకున్నవాడు ప్రసిద్ధ సంగీత దర్శకుడు స్టొకోవ్‌స్కీ. అదే వరుసలో ఒక కమ్మరిని నిలబెట్టారు. బోక్ తరువాత ఫ్లోరిడాలో లేక్ వేల్స్ దగ్గర ఒక గంటల గోపురం కట్టించాడు. దాని ఇత్తడి తలుపు యెల్లిన్ చేసినదే, బైబిలులోని సృష్టి కథ దానిమీద ఫలకాలు ఫలకాలుగా ఉంటుంది. 1929 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ స్వయంగా వచ్చి ఆ గోపురాన్ని ప్రారంభించాడు.

ఆ ఏడాది అక్టోబరులోనే న్యూయార్కు షేర్ల బజారు కుప్పకూలింది. అప్పటికే ఒప్పుకున్న పనులు కొన్నాళ్ళు నడిచాయి. తరువాత భవనాలు కట్టేవారే లేరు. కట్టినవారు కూడా చేత్తో చేసిన ఇనుము కొనలేరు. ఎన్నో కొలుముల వెలుగు చూసిన మనిషి వాటిని ఒక్కొక్కటిగా చల్లార్చుకుంటూ వచ్చాడు. నూతన భవనాల తరహా కూడా మారింది. నున్నటి గోడలు, తిన్నటి గీతలు వచ్చాయి, వంకీకి చోటు లేకుండా పోయింది. 1940లో యెల్లిన్ చనిపోయాడు. వయసు అరవై కూడా నిండలేదు.

కొడుకు హార్వే ఆ కార్ఖానాను నడిపాడు, ఆ తరువాత మనవరాలు ఆ పేరును నిలబెట్టింది. కార్ఖానా డ్రాయింగులు, కాగితాలు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వాస్తు దస్తావేజుల భాండాగారానికి చేరాయి. కొలిమి విద్య మాత్రం అమెరికాలో దాదాపు అంతరించే దశకు వచ్చింది. 1973లో కొందరు ఔత్సాహికులు కలిసి కళాత్మక కమ్మరుల సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే కనబడింది యెల్లినే. ఆయన దగ్గర పనిచేసినవారిలో ఒకడు అప్పటికి బతికి ఉన్నాడు. ఫ్రాన్సిస్ విటకర్ అనే ఆయన 1922లో పదహారేళ్ళ కుర్రవాడిగా ఆర్చ్ వీధి కార్ఖానాలో చేరాడు. తరువాత బెర్లిన్ వెళ్ళి ఇంకొక మేస్త్రీ దగ్గర నేర్చుకుని వచ్చాడు. 1999లో చనిపోయేదాకా కొత్తవారికి పని నేర్పుతూనే ఉన్నాడు. పదహారేళ్ళ పిల్లవాడి చేతికి ఎవరో ఒకరు సుత్తి ఇచ్చి, పక్కన నిలబెట్టుకున్నందువల్ల జరిగింది అదంతా.

ఇక నా బాకీ సంగతి.

1979లో అనుకుంటాను, ఒక ఆఫీసర్ల క్వార్టర్సుకు కిటికీ గ్రిల్లుల ఆర్డరు మా షాపుకు వచ్చింది. 12 మిల్లీమీటర్ల చదరపు చువ్వ, ఎస్ స్క్రోళ్ళు, ఎన్ని వందలో గుర్తులేదు. నేను చార్జ్‌మన్‌ని. జిగ్గు నేనే తయారు చేయించాను. అప్రెంటిసు కుర్రవాడు ఒకడు ఆ జిగ్గు మీద పనిచేసేవాడు. గోదావరి జిల్లాల పిల్లవాడు, మాట తక్కువ. ఒకనాడు భోజన విరామంలో కొలిమి ఆర్పకుండా ఉంచి, తుక్కు చువ్వ ముక్క ఒకటి తీసుకుని, జిగ్గు లేకుండా ఒక స్క్రోలు చేశాడు. కొస దగ్గర దాన్ని రెండుగా చీల్చాడు. ఒక పాయ మామూలుగానే చుట్టుకుంది. రెండోది పైకి లేచి, గ్రిల్లు మట్టం దాటి బయటికి వచ్చి, పొట్లపాదు నులితీగలా గాలిలో చిన్న చుట్టు తిరిగింది. నేను వచ్చేసరికి అది నీళ్ళ తొట్టి అంచున ఆరుతూ ఉంది.

నాకు ఆ పూట పై అధికారి చేత చీవాట్లు పడి ఉన్నాయి. ఆ ముక్క చేతిలోకి తీసుకుని, బొగ్గు దండగ, మెటీరియలు దండగ అని అందరి ముందూ కేకలు వేశాను. దాన్ని స్క్రాపు డబ్బాలో పడేశాను. అంతటితో ఆగినా బాగుండేది. మెమో కూడా వ్రాయించాను. కుర్రవాడు ఎదురు మాట్లాడలేదు. నెల తిరగకుండా మెషిన్ షాపుకు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. నేనే సిఫారసు చేసి సంతకం పెట్టాను. కొలిమి దగ్గరికి అతడు మళ్ళీ రాలేదు. లేతు మీద మంచి పనివాడయ్యాడని తరువాత విన్నాను.

ఆ ముక్క నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. చీల్చిన చోట ఉలి సరిగ్గా పడలేదు, ఒక పాయ లావు, ఒక పాయ సన్నం అయింది. ఆ సన్నపు పాయ కొస కొంచెం కాలిపోయింది కూడా. పనితనం చూస్తే నూటికి నలభై మార్కులు వేస్తాను. కానీ ముప్ఫై ఏడేళ్ళలో మా షాపులో, ఎవరూ అడగకుండా, ఎవరికోసమూ కాకుండా తయారైన స్క్రోలు అదొక్కటే. ఫిలడెల్ఫియా కార్ఖానాలో అయితే అది తుక్కులోకి పోయేది కాదని లిబర్టీ వీధిలో నిలబడి ఉన్నప్పుడు నాకు తోచింది. ఆ రోజు ఇంటికి తిరిగి వచ్చాక మా అబ్బాయి విగ్రహం దగ్గర తీసిన ఫోటోలు చూపించాడు. ఒక్కదానిలోనూ నేను కెమెరా వైపు చూడటం లేదు.

ఆ కుర్రవాడు కూడా ఈపాటికి రిటైరై ఉంటాడు. అతని పేరు నాకు గుర్తుంది. అతని అనుమతి లేకుండా అచ్చులో వేయడం బాగుండదని వ్రాయలేదు. 1978, 1979 బ్యాచి అప్రెంటిసులలో ఎవరైనా ఈ సంచిక చదివి, మెషిన్ షాపుకు మారిన ఆ గోదావరి కుర్రవాడెవరో గుర్తుపడితే, దయచేసి నా సంగతి అతనితో చెప్పండి. అతను ఎక్కడ ఉంటే అక్కడికి నేనే వస్తాను. మోకాళ్ళు నొప్పులేగానీ బస్సు ఎక్కగలను. నా చిరునామా, ఫోను నంబరు సంఘం ఆఫీసు రిజిస్టరులో ఉన్నాయి.